కుళాయి కింద గిన్నె

మా బావ వంట మేస్త్రీ. కావలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ వండుతాడు. ఆయన సామాను బండి దిగుతుంటే మొదట వచ్చేవి ఆరు నీలం డ్రమ్ములు, వాటి వెనకే ఆరు స్టీలు గిన్నెలు. డ్రమ్ముల్లో మజ్జిగ, నిమ్మరసం, మంచినీళ్ళు పోస్తారు. గిన్నెలు ఆ డ్రమ్ముల కుళాయిల కింద పెట్టడానికి. సామాను పట్టీలో కూడా వాటికి ఒక పద్దు ఉంది: "కారుడు గిన్నెలు 6".

పోయిన ఎండాకాలం మా చెల్లెలి ఇంట్లో ఆ పట్టీ చూసి నవ్వాను. బావ నవ్వలేదు.

"నవ్వు బావా, నవ్వు. నువ్వు లేత్ పెట్టి 26 ఏళ్ళయింది. చెల్లెలింట్లో కుళాయి కారుతుంటే గిన్నె లెక్కపెట్టి నవ్వుతున్నావు."

అన్నంలో రాయి తగిలినట్టు తగిలింది. నాది రెండు లేతుల షాపు, లేత్ అంటే లోహపు కడ్డీని తిప్పుతూ కోసే మిషను. రొయ్యల గుంటల పనే ఎక్కువ. గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల షాఫ్టులు, బుష్షులు, షాఫ్టు పక్కనుంచి నీళ్ళు కారకుండా ఆపే పంపుల గ్లాండ్లు. చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల ఒత్తిడితో నీళ్ళు తోసే పంపుకు గ్లాండు కట్టి, షాఫ్టు వేడెక్కకుండా ఎన్ని చుక్కలు కారాలో అన్నే కారనిచ్చేంత చెయ్యి నాది. అలాంటిది ఒక డ్రమ్ములో నిలబడి ఉన్న మజ్జిగను ఆపలేనా అనుకున్నాను. పది మీటర్ల ఎత్తు నీళ్ళకు ఒక కిలో ఒత్తిడి. డ్రమ్ములో ఉండేది 60 సెంటీమీటర్లు. అంటే 0.06 కిలోలు. ఊదితే ఆగిపోయేంత.

ఆ లెక్కే నన్ను ముంచింది. ఒత్తిడి బాగా ఉన్నచోట ఆ ఒత్తిడే రబ్బరు రింగును గాడి గోడకేసి నొక్కి సందు మూసేస్తుంది. పంపుల్లో నాకు ఆ సాయం ఎప్పుడూ ఉంటుంది, అది సాయం అని కూడా తెలియనంతగా. ఇక్కడ అది లేదు. మనం ఎంత బిగిస్తే అంతే బిగింపు. మిగిలిన సందులోంచి మజ్జిగ తీరిగ్గా, మర్యాదగా, రాత్రంతా వస్తుంది.

చుక్కే కదా అనేవాళ్ళకు ఒక మాట. ఇంచుమించు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే గంటకు 180 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు మజ్జిగ. రోజుకు నాలుగు లీటర్ల పైన. ఆరు డ్రమ్ములకు మీరే వేసుకోండి. పైగా కారింది నేల మీద పులిసి, ఈగలు మూగి, భోజనాల పందిట్లో ఆడపెళ్ళివారి మాట పడేది వంట మేస్త్రీయే.

బావ డ్రమ్ములకు ఉన్నవి బజారులో దొరికే ప్లాస్టిక్ కుళాయిలు. లోపల ఒక వాషరు, బయట ఒక వాషరు, లోపల నట్టు. కారుతోంది కాబట్టి ఇంకాస్త బిగించాను. ఇంకాస్త కారింది. టెఫ్లాన్ టేపు చుట్టాను. మరునాటికి మళ్ళీ తడి. మా షాపులో కుర్రాడు గట్టిగా తిప్పితే కుళాయి మెడ విరిగి చేతికి వచ్చింది. వాడి తప్పు లేదు, తిప్పమన్నది నేను.

అప్పుడు చేయవలసిన పని చేశాను. ఎక్కడినుంచి కారుతోందో చూడటం. ఇది మొదటే చేయాలని ప్రతి మెకానిక్కుకీ తెలుసు, ఎవరూ చేయరు. మా అమ్మ ముగ్గు డబ్బా తెచ్చి, కుళాయి చుట్టూ తుడిచి ఆరబెట్టి, పొడి ముగ్గుపిండి పలచగా రుద్దాను. డ్రమ్ము నిండా నీళ్ళు పోసి అరగంట కూర్చున్నాను. తెల్లటి పిండి మీద తడి మొదలైన చోటు బూడిద రంగు గీతలా కనబడుతుంది. చుక్క రాలేది కుళాయి మూతి కొసన. తడి పుట్టింది మాత్రం వాషరు ఎడమ అంచున, అక్కడినుంచి మెడ కిందుగా పాకి మూతి దగ్గర చుక్కై వేలాడుతోంది. ఇన్నాళ్ళూ కుళాయిని తిడుతున్నాం.

మరో డ్రమ్ముకు ఇంకో వింత. దాని మీద నిలువునా సన్నటి గీత ఒకటి పైకి ఉబ్బి ఉంటుంది, రెండు అచ్చు పలకలు కలిసిన చోటు. ఎవరో సరిగ్గా ఆ గీత మీదనే రంధ్రం చేశారు. వాషరు ఆ గీతను దాటేచోట అటొక సందు, ఇటొక సందు. ముగ్గులో రెండు కాలువలు చక్కగా కనిపించాయి. ఆ రంధ్రం మూసి వేరేచోట చేయడం తప్ప దానికి మందు లేదు.

అసలు రోగం డ్రమ్ము గుండ్రంగా ఉండటం. వాషరు బల్లపరుపు, గోడ వంపు. బావ పెద్ద డ్రమ్ము అడ్డకొలత 48 సెంటీమీటర్లు. దాని మీద 60 మిల్లీమీటర్ల వాషరు పెడితే మధ్యలో నిలువునా ఆనుతుంది, కుడి ఎడమ అంచుల్లో దాదాపు 1.9 మిల్లీమీటర్లు గాల్లో ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల మందం వాషరును అంత నొక్కాలంటే మూడింట రెండు వంతులు నలిపేయాలి. నలిగే రబ్బరు ఊరుకోదు, పిసికిన పిండిలా పక్కకు జారిపోతుంది. ఇంకాస్త బిగిస్తే ఇంకాస్త కారడం ఇందుకే.

ఇక్కడ ఒక లెక్క నాకు భలే నచ్చింది. ఆ సందు వాషరు కొలతతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. వాషరు వెడల్పు సగం చేస్తే సందు పావు అవుతుంది. నేనేమో కారుతోంది కదా అని పెద్ద వాషర్లు, ఇంకా పెద్ద వాషర్లు కొనుక్కొచ్చి పెడుతున్నాను! నీళ్ళు ఆపే గీతను 40 మిల్లీమీటర్ల వలయానికి కుదించగానే సందు 0.8కి పడిపోయింది. అంత సందును మెత్తటి సిలికాన్ తాడు హాయిగా మింగుతుంది.

ఇంకో సంగతి, నిజానికి ఈ పనంతటిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే: మర, అంటే నట్టు ఎక్కే చుట్టుగాడి, ఉన్నది పట్టుకోవడానికి. నీళ్ళు ఆపడం దాని పని కాదు. ఇనప గొట్టాల కాలంలో సూదిగా సన్నబడే మర చేసి, దాని మీద జనపనార చుట్టి, ఆ నార తడిసి ఉబ్బితే సందు పూడేది. చెక్క పీపాలూ అంతే. పోర్చుగీసువాళ్ళ 'పిపా' మన పీపా అయింది కదా, ఆ చెక్క పీపాలో నీళ్ళు పోస్తే పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. తడే తడిని ఆపుతుంది. ప్లాస్టిక్కు ఉబ్బదు. పైగా గట్టిగా బిగించి వదిలేస్తే నెమ్మదిగా సాగి, వారం తిరిగేసరికి నట్టు వదులవుతుంది. చెక్క పీపా బుద్ధితో ప్లాస్టిక్ డ్రమ్ముకు కుళాయి పెడితే కారక ఏం చేస్తుంది?

అందుకని డ్రమ్ము గోడకూ కుళాయికీ మధ్య కూర్చునే బోలు ముక్క, అదే బుష్షు, ఇలా చేశాను. డ్రమ్ము లోపలి వైపు నుంచి వచ్చేలా ఒక అంచు ఉన్న బుష్షు. అంచు ముఖాన 3 మిల్లీమీటర్ల లోతు గాడి, అందులో 5 మిల్లీమీటర్ల సిలికాన్ తాడు రింగుగా. గాడికి గోడలున్నాయి కాబట్టి రింగు పక్కకు జారలేదు. గాడి మాత్రం తాడుకంటే వెడల్పుగా కోయాలి, నలిగిన సిలికాన్‌కు చోటు కావాలి. మొదటిదానికి సరిగ్గా 5 పెట్టి, అంచు గోడకు ఆననే లేదని గంటసేపు తల గోక్కున్నాను. బుష్షు మెడ మీద బయట 30 మిల్లీమీటర్ల మర, లోపల కుళాయి కూర్చోవడానికి అరంగుళం పైపు మర. రింగు లోపలి వైపే సందు మూసేస్తుంది కాబట్టి మజ్జిగ గోడ రంధ్రంలోకీ మరల్లోకీ చేరదు. చేరితే అక్కడ నిలిచి పులిసి, రేపటి పెళ్ళి మజ్జిగను కూడా పులియబెడుతుంది.

బయట నట్టు కింద వంపుకు సరిపడే ముక్క కావాలి. ఆ వంపు కోయడానికి నా లేత్ చాలదు. రెండు రోజులు ఆలోచించాక వచ్చిన ఉపాయం చిన్నపిల్లలకు కూడా వస్తుంది. డ్రమ్ముకే ఎమరీ కాగితం అంటించి, ప్లాస్టిక్ ముక్కను దాని మీద నిలువునా రుద్దాను. డ్రమ్ము వంపు దానంతట అదే ముక్కకు దిగింది. పై భాగం ఏదో తెలియడానికి ఒక గీటు పెట్టాను. కొలత లేదు, గేజీ లేదు.

లోహం దగ్గర మాత్రం మా అమ్మ చేతిలో చివాట్లు తిన్నాను. మొదటి రెండు బుష్షులూ ఇత్తడితో చేశాను. షాపులో పాత రాడ్ ముక్కలున్నాయి, ఇత్తడి వెన్నలా తెగుతుంది. పొదలకూరు నుంచి వచ్చిన నిమ్మకాయలు పిండి రసం పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున రుచి చూస్తే నాలుక మీద చిల్లర నాణెం పెట్టుకున్నట్టుంది. బుష్షు లోపల పచ్చగా కిలుము.

"ఇత్తడి గిన్నెలో కళాయి లేకుండా చారు కాస్తామట్రా? మజ్జిగ పోస్తామా? ఇంత చదువుకుని ఆ మాత్రం తెలియదా?" అంది అమ్మ. నేను చదివింది ఐటీఐ. తెలియవలసిన మాటే.

కుళాయికి కళాయి పెట్టిద్దామని ఒక పూట సరదాపడ్డాను కూడా. నవాసారం చల్లి తగరం రుద్దే మనిషి దొరికినా, మరల లోపల పూత సమంగా పట్టదు. అదీగాక ఇత్తడి లేత్ మీద అంత సుఖంగా తెగేది ఊరికే కాదు. పొట్టు పొడిపొడిగా రాలాలని అందులో సుమారు మూడు శాతం సీసం కలుపుతారు. తాగేనీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. పెళ్ళిభోజనానికి వచ్చిన పిల్లలకు నేను నిమ్మరసంలో సీసం పోయలేను. ఆ రెండు బుష్షులూ చెత్త డబ్బాలో పడ్డాయి.

తర్వాతవన్నీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని కోయడం వేరే కథ. టూలు కాస్త ఆగి రుద్దితే చాలు, ఆ చోట గట్టిపడి తర్వాతి కోతను రానివ్వదు. భయపడకుండా లోతుగా కోయాలి. మొదటి బుష్షుకు మూడు టూలు బిట్లు పోయాయి. స్టెయిన్‌లెస్ మర మీద స్టెయిన్‌లెస్ నట్టు వేసి బిగిస్తే రెండూ కరచుకుని పట్టేశాయి, రంపంతో కోయవలసి వచ్చింది. అప్పుడు చెత్త డబ్బాలోంచి ఇత్తడి బయటికి వచ్చింది. బయటి నట్టుకు మజ్జిగ తగలదు, స్టీలు మర మీద ఇత్తడి నున్నగా తిరుగుతుంది. నట్టు తిప్పితే లోపలి బుష్షు కూడా తిరిగిపోకుండా మెడ చివర రెండు పక్కలా చదును చేశాను, పానా పట్టడానికి.

అంతా బాగానే ఉంది, ఈ బుష్షును లోపలికి పంపేది ఎలా? బావ దగ్గర రెండు డ్రమ్ములకు మూతి చిన్నది. చెయ్యి పడుతుంది, మోచేయి దాటదు. అడుగు చేరాలంటే ఇంకో జానెడు చెయ్యి కావాలి. నేను ఇనప చువ్వలకు కొక్కేలు కడుతుంటే, మా చెల్లెలు కాసేపు చూసి, "అన్నా, లంగాకు బొందు ఎక్కించడం ఎప్పుడూ చూడలేదా?" అంది.

అలాగే చేశాం. డ్రమ్మును పడుకోబెట్టి, రంధ్రంలోంచి చిన్న నట్టు కట్టిన దారం లోపలికి వదిలాం. అడుగు పైకెత్తగానే నట్టు దొర్లుకుంటూ మూతిలోంచి బయటపడింది. దారాన్ని బుష్షులోంచి దూర్చి, చివర అడ్డంగా అగ్గిపుల్లంత పుల్ల కట్టి, రంధ్రం వైపు నుంచి లాగితే బుష్షు తనంతట తానే వచ్చి రంధ్రంలో తలపెట్టింది. నిమిషం పట్టలేదు. చెల్లెలు ఆ తర్వాత నాతో పదిరోజులు కాస్త పెద్దరికంగా మాట్లాడింది.

రంధ్రం గురించి రెండు మాటలు. ఎర్రగా కాల్చిన గొట్టంతో పొడిచేవాళ్ళున్నారు. అంచు కరిగి ఉబ్బి కోడిగుడ్డు ఆకారం వస్తుంది, దాని మీద ఏ రింగూ కూర్చోదు. గుండ్రటి రంపం వాడి, అంచును బ్లేడుతో గీకాలి. అడుగుకు మరీ దగ్గరగా చేస్తే అక్కడి వంపు అడ్డొస్తుంది. 5 సెంటీమీటర్లు వదిలితే పెద్ద డ్రమ్ములో 9 లీటర్ల దాకా కుళాయికి అందకుండా మిగులుతుంది. వెనక ఒక ఇటుక పెట్టి వంచుకోవడమే. అన్నిటికంటే ముందు, పాత డ్రమ్ము కొనేటప్పుడు అందులో మునుపు ఏముండేదో అడగండి. రొయ్యల గుంటల దగ్గర మందుల డ్రమ్ములు చవకగా దొరుకుతాయి, చూడటానికి ఇవే నీలం డ్రమ్ములు. ఎన్నిసార్లు కడిగినా వాటిలో తాగేది పోయకూడదు. తిండి పదార్థాలకు పనికొస్తుందని తెలిపే గ్లాసు, ముళ్ళచెంచా బొమ్మ ఉన్న కొత్త డ్రమ్మే కొనాలి.

కుళాయి సంగతి క్లుప్తంగా చెబుతాను. బాల్ వాల్వు పెట్టమని అందరూ అన్నారు. నీళ్ళకు సరే. మజ్జిగకు పెడితే బంతి వెనక గుంటలో కాస్త నిలిచిపోతుంది, కడగాలన్నా ఊడిరాదు. పాతకాలం పీపా కుళాయిలాగా శంకువు ఆకారపు బిరడా ఉన్నదే చేశాను. కింద ఒక నట్టు విప్పితే బిరడా చేతిలోకి వస్తుంది, తోముకోవచ్చు. కుళాయి ఒళ్ళు స్టీలు, బిరడా టెఫ్లాన్. టెఫ్లాన్ ఎండకు స్టీలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. పొద్దున సరిగ్గా బిగించిన బిరడా మధ్యాహ్నం తిరగకుండా మొరాయించింది. నట్టు కింద ఒక స్ప్రింగు వేశాక అది ఉబ్బితే ఉబ్బనిచ్చి, చల్లబడితే మళ్ళీ లాక్కుంటోంది. కుళాయికీ బుష్షుకూ మధ్య కూడా మరను నమ్మలేదు. గుంట అడుగున బల్లపరుపు సిలికాన్ వాషరు, మూతి కిందికి చూసేలా ఆపడానికి ఒక లాకు నట్టు.

ఆరు డ్రమ్ములూ షాపులో నీళ్ళతో నింపి, చుట్టూ ముగ్గుపిండి పూసి, తాళం వేసి ఇంటికెళ్ళాను. పొద్దున వచ్చేసరికి ముగ్గు ముగ్గులాగే ఉంది. షాపు ముందు అమ్మ వేసిన ముగ్గుకంటే దాన్నే ఎక్కువసేపు చూశాను.

మొదటి పరీక్ష జొన్నవాడలో. కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలకు బావ ఏటా తన మొక్కుగా మజ్జిగ పోస్తాడు. పెన్న ఒడ్డున ఇసుక కాలిపోతోంది, జనం ఇసుకంత ఉన్నారు. పదిన్నరకు ఫోను.

"బావా, నీ కుళాయి కారడం లేదు."

"మంచిదేగా."

"తిప్పినా రావడం లేదు."

గుండె గుభేలుమంది. బస్సెక్కి వెళ్ళేసరికి కుళాయి కింద గ్లాసు పట్టుకుని ఒక ముసలాయన ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. సన్నగా ధార వస్తోంది, గుటకలేస్తోంది, ఆగిపోతోంది. నేను కుళాయి విప్పడానికి పానా తీశాను. విప్పబోతూ పైకి చూస్తే మూత బిర్రుగా బిగించి ఉంది. దుమ్ము పడుతుందని బావ మనిషి శ్రద్ధగా రింగు వేసి మరీ బిగించాడు. లోపలికి గాలి పోకపోతే మజ్జిగ బయటికి ఎలా వస్తుంది? మునుపు వాషరు సందుల్లోంచి గాలి దూరేది కాబోలు, ఈ తంటా ఎప్పుడూ రాలేదు. మూత వదులు చేయగానే ధార కట్టింది. మూతకు చిన్న బెజ్జం చేసి పలచటి గుడ్డ కట్టాం. ముసలాయన రెండు గ్లాసులు తాగి, ఇందాకటి నుంచి తప్పు తనదే అనుకున్నానని చెప్పి వెళ్ళాడు.

ఆ వేసవి తర్వాత ఒకే ఒక్క డ్రమ్ము కారింది, అల్లూరులో ఒక పెళ్ళిలో. విప్పి చూస్తే గాడిలో నా సిలికాన్ రింగు లేదు. కడిగేటప్పుడు ఎక్కడో పోయిందట, దాని బదులు సైకిల్ ట్యూబు కత్తిరించి పెట్టారు. అడిగితే చెప్పడానికి భయపడ్డారు. ఇప్పుడు ప్రతి డ్రమ్ము పిడికి రెండు రింగులు అదనంగా దారంతో కట్టి ఇస్తున్నాను. పెళ్ళయిన ప్రతిసారీ రింగు తీసి మరిగే నీళ్ళలో వేయమని కూడా చెప్పాను. వేస్తున్నారో లేదో తెలియదు.

సామాను పట్టీలో "కారుడు గిన్నెలు 6" మాత్రం ఇంకా ఉంది. బావ కొట్టేయలేదు. అడిగితే, గిన్నెలు పచ్చళ్ళు వడ్డించడానికి పనికొస్తున్నాయి, పేరెందుకు మార్చడం అంటాడు.

నిన్న మళ్ళీ వచ్చాడు. పొద్దుటిపూట రాగి జావ అడుగుతున్నారట, అదే డ్రమ్ములో వేడివేడిగా పోయవచ్చా అని. వద్దన్నాను. సిలికాన్‌కు ఏమీ కాదు, స్టీలుకు ఏమీ కాదు, నా భయమంతా డ్రమ్ము గోడ గురించే. వేడికి అది మెత్తబడితే నట్టు బిగింపంతా దేని మీద నిలబడుతుంది? అయినా నోటితో వద్దనడం కంటే చూసి చెప్పడం మేలని, పనికిరాని డ్రమ్ములోంచి ఒక ముక్క కోసి, దానికి బుష్షు బిగించి, నట్టు మీద గీటు పెట్టి, మరిగే నీళ్ళ గిన్నెలో వేశాను. మా ఆవిడ పొయ్యి ఖాళీ చేయమని రెండుసార్లు పిలిచింది. గంట కాగానే తీసి, చల్లారాక ఆ గీటు ఎంత కదిలిందో చూడాలి.